గ్యాసు పొయ్యి ముందు కుర్చీ

సీబు, 16-9-1991

నా శాంతవ్వకు,

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, మే నెల మొదటి తారీఖున ఈ ఇంటి నుండి అగ్గిపుల్ల గానీ, పాలచుక్క గానీ, ఉప్పురాయి గానీ గడప దాటరాదు. దాటినచో ఇంటి అదృష్టం దాని వెంటే పోవును. ఇట్లు మా ఐర్లాండు మేడం నోరా, వంటవాడు మల్లేశం నోటి ద్వారా.

నవ్వావా? ఏడాది పొడుగునా ఈమెకు ఇదే పని. ఫిబ్రవరి ఒకటిన వచ్చే బ్రిజిడమ్మ పండుగకు ముందురోజు కిటికీ బయట గుడ్డ పరుస్తుంది. ఆ తల్లి ముట్టిన గుడ్డ తలనొప్పికి మందట. ఈ ఎడారిలో వాళ్ల దేశపు గడ్డి దొరకక ఖర్జూరపు ఆకులతో నాచేత శిలువ అల్లించింది. క్రిస్మస్‌కు కిటికీలో కొవ్వొత్తి పెడితే నేను చాటుగా ఊదేశాను. "మల్లేస్, షైతాన్!" అని గరిటె విసిరింది.

నవంబరులో చచ్చినవాళ్ల దినం. ఆమె తమ్ముడు చేపల పడవలో పోయి తిరిగి రాలేదు. మన కొడుకు జితేందర్ గోదావరిలో పోయినట్టే, శవం దొరకలేదు. ఆ సాయంత్రం తలుపు గడియ తీసి, గ్యాసు పొయ్యి ముందు కుర్చీ వేసి, నీళ్ల గ్లాసు పెట్టి, వచ్చినవాడి అడుగు పడుతుందని నేల మీద బొగ్గుల బూడిద చదునుగా పరిచింది. "కుర్సీ మత్ హటావ్ మల్లేస్, వో ఠండా హోకే ఆతా" అంది. కుర్చీ తీయొద్దట, చలికి వణుక్కుంటూ వస్తాడట.

పొద్దున్నే, ఆమె లేవకముందే వంటింట్లోకి పోయాను, నా కాలి అచ్చు ఒకటి వేసి బెదిరిద్దామని. కాలెత్తాను. బూడిదలో అప్పటికే ఒక అడుగు ఉంది శాంతా. చిన్నది, తడిది. బొటనవేలు మనవాడిలాగే పక్కకు తిరిగి ఉంది. వేళ్లు తలుపు వైపు. వచ్చి వెళ్లిపోయాడన్నమాట.

నిరుడు పెత్తరమాసకు పోయిన పెద్దలతో పాటు వాడి పేర బియ్యం ఇవ్వమంటే "బతికున్నోనికి బియ్యమిస్తరా? నీ నోట్ల మన్నువడ" అని రాయించావు. వాడి కంచం ఇప్పటికీ కడిగి బోర్లిస్తున్నావట. ఈసారి ఇచ్చెయ్యి, వాడిని పోనియ్యి.

ఇంతవరకు రాసి, సంతకం పెట్టబోయి ఆగాను. ఊరందరినీ ఆడించిన నోరు నీ దగ్గర తిరగడం లేదు. ఎత్తిన కాలు కింద పెట్టలేకపోయిన మాట నిజం. వాడు పెట్టాల్సిన చోట నేను తొక్కినట్టవుతుందని భయమేసింది. అక్కడే చతికిలబడి, మేడం వచ్చి భుజం తట్టేదాకా చూస్తూనే ఉన్నాను. నీకంటే పెద్ద పిచ్చివాణ్ణి నేను.

ఒక్కదానివే ఇవ్వకు. సెలవు అడిగాను, వస్తున్నాను. బియ్యం ఇద్దామో, కంచం కడుగుదామో, ఇద్దరం కూర్చుని అనుకుందాం.

ఆ అడుగు నేను కల్పించిందే. బూడిద చదునుగానే ఉంది.

నీ
మల్లేశం