అమ్మీకి చెప్పని బరువు

జూన్ 2
తొంభై ఎనిమిది కిలోలు. షుగర్ డాక్టర్ మళ్లీ అదే మాట — పదిహేను తగ్గాలి. ఉత్త తిండి తగ్గిస్తే కండ కూడా కరిగిపోతుందట, బరువులు ఎత్తాలట. గుండె పరీక్షలు చేయించాడు. అన్నీ బాగున్నాయి.
మా అన్న భాయ్‌జాన్‌వి కూడా బాగానే ఉన్నాయన్నారు... బేగంపేట ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. నలభై నాలుగేళ్లు. నాకు డిసెంబరులో నలభై నాలుగు.

జూన్ 5
సైనిక్‌పురి జిమ్‌లో చేరాను. నేర్పేది రిటైరైన సుబేదార్ సాబ్, అరవై దాటిన మనిషి. రాడ్డును నేల మీంచి లేపితే దాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారట. వేరే పేరు లేదా సాబ్ అన్నాను. ఆయన నవ్వలేదు.
"పేరుతోని పనేంది. నడుం వంచకు."
నా భార్య షాహీన్‌కు ఒక్కదానికే తెలుసు. అమ్మీకి వాకింగ్ అని చెప్పాం. ఒక కొడుకును మట్టిలో పెట్టిన మనిషి.

జూన్ 9
ఎత్తడం, మెడ మీద వేలు పెట్టి నాడి చూసుకోవడం. మళ్లీ ఎత్తడం.

జూన్ 16
తొంభై ఆరు. ప్యాంటు వదులైంది. సంతోషించాలి.
భాయ్‌జాన్ కూడా చివర్లో చిక్కాడా? ఫోన్‌లో పాత ఫోటోలు చూస్తున్నాను. చిక్కినట్టే ఉంది. లేదేమో.

జూలై 1
రాడ్డుకు యాభై కిలోలు. మోకాళ్ల దాకా వచ్చింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది, చెవుల్లో హోరు. రాడ్డు వదిలేశాను. నేల అదిరింది. కింద కూర్చుండిపోయాను — అన్న ఇలాగే కూర్చున్నాడు కదా అనుకున్నాను.
సుబేదార్ సాబే దవాఖానకు తీసుకెళ్లాడు. ఈసీజీ మామూలుగా ఉంది. భయం వల్ల వచ్చిందన్నారు. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద ఆయన అన్నాడు — "ఇగ రావొద్దని చెప్ప. రమ్మని సుత చెప్ప."

జూలై 2
వెళ్లలేదు.

జూలై 3
వాకింగ్ అని బయల్దేరి, మల్కాజ్‌గిరి స్టేషన్‌లో బెంచీ మీద గంట కూర్చున్నాను. ఇంటికొచ్చి కాసేపు ఆయాసపడినట్టు నటించాను.

జూలై 6
అన్నం దగ్గర అమ్మీ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. అరచేతి నిండా కాయలు.
"నడిస్తె చేతులకు కాయలు కాస్తయా?"
చెప్పేశాను. దవాఖాన సంగతి కూడా. వంటింట్లో షాహీన్ కుళాయి కట్టేసింది.
అమ్మీ ఆ కాయల మీద బొటనవేలితో రాసింది. తర్వాత — "పెద్దోడు సుత నాకేం చెప్పలే. ఛాతీల మంటైతుందని ఆఫీసోళ్లకు చెప్పిండంట. నాకు చెప్పలే."
నా చెయ్యి వదల్లేదు.
"మానెయ్ అంటే మానేస్తవా?"
మానేస్తానన్నాను. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది.
"డాక్టర్ ఎత్తుమన్నడు గద. నేనెట్ల మానేయమంట... రేపు నేను సుత వస్త."

జూలై 7
వచ్చింది. చెప్పులు బయటే విడిచింది. సుబేదార్ సాబ్ ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. ఈ రోజు నలభై కిలోలు చాలన్నాడు.
"ఎంతమంది ఎత్తుతరు గిట్ల?" అని అడిగింది ఆయన్ని.
"అందరు ఎత్తుతరమ్మా. మెల్లమెల్లగ."
రాడ్డు పట్టుకున్నాను. అరచేతులు చెమట. వేలు మెడ మీదికి పోబోయింది, ఆపుకున్నాను. ఎత్తాను. నిటారుగా నిలబడ్డాక ఎదుటి అద్దంలో చూస్తే — అమ్మీ తస్బీ పూసల దండను రెండు చేతుల్లో బిగించి, గట్టిగా కళ్లు మూసుకుని ఉంది. దించాను.
"అయిందా?"
"ఇంకా నాలుగుసార్లు ఎత్తాలి, అమ్మీ."
కళ్లు తెరవకుండానే తలూపింది.