ఒకటే పొయ్యి

ప్రియమైన బావకి,

నీ ఫోను సముద్రం పాలైందని ఊరొచ్చిన కన్నబాబు చెప్పాడు. అతను మళ్ళీ గుజరాత్‌లో మీ వెరావల్ బోట్లకి వస్తున్నాడు కాబట్టి ఉత్తరం రాసి పంపుతున్నాను. చదివి కోపమొస్తే మీ అమ్మ మీద పడు, నా మీద కాదు.

సముద్రం మన వరసలో చివరింటి గోడ కోసేసింది. వచ్చే వాయుగుండానికి మన వంతే. రోడ్డవతల కొత్త ఇళ్ళిస్తామన్నారు గానీ గవర్నమెంటు రూలు మారిందట. ఎకరానికి అరవై ఇళ్ళకి తగ్గకూడదు, నాలుగంతస్తులు లేపాల్సిందే. వార్డు మెంబర్ని కదా, పంచాయతీలో నేనే లేచి అడిగాను, నాలుగో అంతస్తులో చేపలెక్కడ ఎండబెట్టాలి, వలెక్కడ పరుచుకోవాలి అని. మాకొద్దని తీర్మానం రాసి పంపాం. సర్పంచి త్రినాధరావు మామా నేనూ అనకాపల్లి వెళ్ళి ఆఫీసర్ల కాళ్ళు పట్టుకున్నంత పని చేశాం. తీర్మానం మార్చకపోతే స్థలం ఇంకో ఊరికి పోతుందన్నారు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పొయ్యికి ఒక ఇల్లట. సర్వేవాళ్ళు వచ్చినప్పుడు అత్త గుమ్మంలో నిలబడి, "మా ఇంట్లో ఒకటే పొయ్యి బాబూ. నా కొడుకులు ఏరు పడనేదు" అని చెప్పింది. మీ నాన్న పోయాక వలలు పంచుకున్ననాటి నుంచి నీకూ నీ తమ్ముడు శంకర్‌కీ మాటల్లేవు. ఒకే వాకిట్లో నేనూ శంకర్ పెళ్ళాం ఇందూ రెండు పొయ్యిలు వెలిగిస్తున్నాం. ఊరందరికీ తెలిసిందే. పరాయి మనిషి ముందు ఒప్పుకోవడానికి అత్తకి నోరు రాలేదు. ఊళ్ళో సగం మంది ముసలమ్మలు ఇదే గొప్పకి పోయారు.

ఇప్పుడు మీ ఇద్దరి కుటుంబాలకీ కలిపి ఒకటే ఇల్లు, అదీ ఒకటే గది. నెలాఖరున గ్రామసభ ఉంది. ఇంటిపెద్ద సభలో లేచి పొయ్యిలు వేరని చెబితే లెక్క మారుస్తారట. అత్త చచ్చినా చెప్పనంటోంది. నాకు దిక్కు తోచడం లేదు.

నీ లక్ష్మి

*

ప్రియమైన లక్ష్మికి,

రేపు వేటకి వెళ్తున్నాం. ఊరికి వస్తున్న అయ్యప్ప చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

అమ్మ గొప్పలు కూడు పెడతాయా? పరువు కోసం పిల్లల్ని సముద్రానికి ఒప్పజెబుతుందా? నువ్వు బతిమాలు, తిట్టు, ఏమైనా చెయ్యి, సభలో మాత్రం ఆ మాట అనిపించు. అన్నం మానేస్తానంటే మాననీ. ఆకలేస్తే తనే తింటుంది.

శంకర్ ఎక్కిన బోటు ఇంజను పోయిందట. పని లేక ఇక్కడే రేవులో తిరుగుతున్నాడు. ఎదురుపడ్డాడు గానీ నేను పలకరించలేదు. ఈ సంగతి అమ్మకి చెప్పకు. వాడికీ ఇల్లు రావాలి, నాకూ రావాలి. అంతకు మించి వాడితో నాకు పని లేదు.

నీ బావ
ఉమామహేష్

*

ప్రియమైన బావకి,

నిన్న సభ అయింది. నువ్వు చెప్పినట్టే చేశాను. ఈ ఉత్తరం మీ ఓనరు చిరునామాకి పోస్టు చేస్తున్నాను, ఒడ్డుకొచ్చాక చూస్తావు.

అత్తని రోజూ పోరాను. చివరికి మొన్న, "గోడ కూలి పిల్లలు పోతే అప్పుడు నీ ఒకటే పొయ్యి చూసుకుని మురిసిపో" అన్నాను. అనకూడని మాటే, అనేశాను. ఆవిడ నిన్న పొద్దున్నే తలస్నానం చేసి ఉతికిన చీర కట్టుకుని సభకి వచ్చింది.

స్కూలు వాకిట్లో టెంటు వేశారు. త్రినాధరావు మామ ఇంటిపేర్లు చదువుతుంటే ఒక్కో ముసలమ్మా లేచి చెప్పింది. పైడితల్లమ్మయితే చెప్పి అక్కడే కూలబడింది. సభలో ఎవరూ తలెత్తలేదు. అత్త వంతు వచ్చింది. "నా కొడుకులు ఏరు. రెండు పొయ్యిలు. రాసుకోండి" అంది. కంట నీటిచుక్క లేదు.

తీర్మానం మార్చి రాశాం. కింద అంతస్తు ముసలాళ్ళకివ్వమని, చేపలెండబెట్టుకోవడానికి మధ్యలో జాగా వదలమని అడిగాం. జాగా కుదరదని సభకొచ్చిన ఆఫీసర్లు అక్కడే చెప్పేశారు. అయినా నేను సంతకం పెట్టాను. మనకి రెండిళ్ళు, ఒకటి ఈ చివర బ్లాకులో, ఒకటి ఆ చివర.

ఇంటికొచ్చాక అత్త పెరట్లో మూడు ఇటుకలు పేర్చుకుంది. అన్నానికి పిలిస్తే, "నా నోటితోనే ఏరు సేసేను. ఇంక ఎవులి పొయ్యి కూడు తినాల నేను?" అంది. ఇందూ వచ్చి ఏడ్చింది, నేను కాళ్ళు పట్టుకున్నాను. కదల్లేదు. సముద్రం గాలికి ఆ పొయ్యి అంటుకోవడం లేదు. రాత్రి మంచినీళ్ళు తాగి పడుకుంది, ఈ పూటా అంతే. రెండిళ్ళు తెచ్చానని ఊరంతా మెచ్చుకుంటోంది. నాకు మాత్రం ఇంట్లో చావు జరిగినట్టుంది. తొందరగా వచ్చెయ్యి బావా.

నీ లక్ష్మి

*

ప్రియమైన లక్ష్మికి,

నడిసముద్రంలో ఉన్నాం. పక్క బోటు ఐసు అయిపోయి ఒడ్డుకి తిరిగి వెళ్తోంది. అందులో ఉన్న కన్నబాబు దిగగానే ఊరికి రైలెక్కుతాడు. కెరటాల మీద రాస్తున్నాను, నా గీతలు చూసి నవ్వకు.

నీకో సంగతి చెప్పాలి. మా ఓనరు శంకర్‌ని మా బోటే ఎక్కించాడు. మొదట్లో వాడా చివర, నేనీ చివర. కానీ బోటుకి ఉండేది ఒకటే పొయ్యి. వంట వంతు వాడికొచ్చింది. వాడు పెట్టిన పులుసు నోట్లో పెట్టుకుంటే అచ్చం అమ్మ చేతి పులుసే. ఏడుపాగలేదు లక్ష్మీ. వాడూ ఏడ్చాడు. "అన్నా, ఊరెల్లినాక కూడా ఇలగే తిందాం" అన్నాడు.

అమ్మ సర్వేవాళ్ళతో అబద్ధమాడలేదు, మేమే ఆలస్యంగా నిజం చేశాం. కోపంలో నేను రాసిందంతా మర్చిపో. అమ్మ చేత సభలో ఆ మాట అనిపించకు. ఒక గదే ఇస్తే ఒక గదిలోనే ఇరుక్కుందాం. మేమిద్దరం వరండాలో పడుకుంటాం.

ఒడ్డు చేరాక కన్నబాబు చేత ఫోన్లో చెప్పిద్దామనుకున్నాం గానీ, ఇంటి గుట్టు పరాయి నోట వినడం అమ్మకి గిట్టదు. నువ్వే చదివి వినిపించు. ఇక్కడ రోజుల లెక్క తెలియడం లేదు, సభ ఇంకా అవలేదనే మా ఆశ. అమ్మ అన్నం దగ్గర కూర్చున్నప్పుడు చదువు. ఆ సంతోషంలో నాలుగు ముద్దలు ఎక్కువే తింటుంది.

మీ
ఉమామహేష్, శంకర్