డోరీన్ పిన్ను గుచ్చే కార్డులు

యార్క్‌షైర్ తీరాన బ్రిడ్లింగ్టన్‌లో ఉంటున్న క్లిఫర్డ్ బారక్లఫ్ అనే నేను, రిటైరైన బస్సు డ్రైవరును, ఎనభై మూడేళ్ల వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాస్తున్న వీలునామా ఇది. గుండె ఎక్కువ రోజులు ఆడదని డాక్టరు తేల్చేశాడు. బుర్ర మాత్రం బాగానే ఉందని నేను చెబుతున్నాను. ఇంతకు ముందు రాసిన వీలునామాలేవీ ఇక చెల్లవు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనకోడలు థెల్మాకు అప్పగిస్తున్నాను. ఇల్లు అమ్మి, వచ్చిన సొమ్మంతా నా భార్య డోరీన్ ఉంటున్న వృద్ధాశ్రమం ఖర్చులకు వాడాలి. ఆమె తదనంతరం మిగిలినది థెల్మాకు చెందుతుంది.

2. థెల్మాకే మా టీ పాత్ర, దానికి డోరీన్ అల్లిన ఉన్ని తొడుగుతో సహా. ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి, "ఈ చెత్తంతా తగలెయ్యరాదూ మావయ్యా, ఊపిరాడట్లేదు ఈ ఇంట్లో" అనేది. ఆ చెత్తను ఆమె నెత్తిన పెట్టడం లేదు.

3. ఆ చెత్త, అనగా పాత బ్రిటిష్ హాస్య చిత్రాల లాబీ కార్డులు, సినిమా హాలు గుమ్మం పక్కన అద్దాల చట్రంలో పెట్టే ఆ బొమ్మలన్నీ, మా సేకర్తల సంఘంలోని నోరిస్ టార్డాఫ్‌కు ఇస్తున్నాను.

ఇది విని నోరిస్ కుర్చీలోంచి పడతాడేమో. మా ఇద్దరికీ ఏనాడూ పడలేదు. అతనికి మచ్చలేని కార్డే కార్డు. మూలన పిన్ను కంత కనిపిస్తే ముఖం మాడ్చుకుంటాడు. నాకు ఆ కంతలే ఇష్టం. కంత లేని కార్డు ఏ గుమ్మంలోనూ నిలబడలేదు, ఎవరినీ లోపలికి పిలవలేదు. పెళ్లికి ముందు డోరీన్ మా ఊరి సినిమా హాల్లో టికెట్లు చింపేది. గురువారం బొమ్మ మారే రోజు, కొత్త కార్డులు గుచ్చేది ఆమే. నేను బస్సు ఆపుకుని చూసేవాణ్ణి. కార్డుల కోసం కాదు.

4. డోరీన్‌కు ఇప్పుడు నేనెవరో తెలియదు. "బొమ్మలాయన వచ్చాడు" అంటుంది. గురువారం గురువారం నేను కార్డులు పట్టుకెళ్తే తన గది గోడకున్న కార్కు బెరడు పలకకు పిన్నులతో తనే గుచ్చుతుంది. వెనక్కి జరిగి చూస్తుంది, వంకర సరిచేస్తుంది, ఒక కార్డులో జారుతున్న పంట్లాము పట్టుకున్న మేయరును చూసి పగలబడి నవ్వుతుంది. మిగతా రోజుల్లో ఆమె నవ్వదట.

ఇది తెలిసి నోరిస్ సంఘంలో అందరి ముందూ నన్ను కడిగేశాడు. "మతి పోయిందేంటయ్యా క్లిఫ్? ఇన్నేళ్లు కళ్లలో పెట్టుకుని దాచి, ఇప్పుడు జల్లెడ చేస్తావా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

కిందటి ఫిబ్రవరిలో నేను ఆసుపత్రిలో పడ్డాను. గురువారం తప్పిపోయిందని కుమిలిపోయాను. తిరిగి వెళ్లేసరికి పలక మీద నావి కాని కార్డులున్నాయి, నాలుగు మూలలా కొత్త కంతలతో. నర్సును అడిగాను. "సన్నగా, టై కట్టుకుని ఒకాయనొచ్చారండీ. ఆవిడ గుచ్చుతుంటే కళ్లు మూసేసుకున్నారు పాపం. 'ఇంకాస్త పైకమ్మా' అని మాత్రం అన్నారు" అంది. నోరిస్ ఈ సంగతి నాతో చెప్పలేదు. నేనూ ఎత్తలేదు. మా మొండితనానికి మందు లేదు.

5. నోరిస్, కార్డులకు షరతు ఏమీ లేదు. అమ్ముకున్నా నీ ఇష్టం. షరతు మీద వచ్చిన మనిషి ఎవరో డోరీన్ ఇట్టే పసిగడుతుంది, ఆ తెలివి ఇంకా పోలేదు. అయినా నువ్వు వెళ్తావనే నా నమ్మకం. పిన్నులు నర్సు దగ్గరుంటాయి.

6. నేను పోయానని డోరీన్‌కు ఎవరూ చెప్పకూడదు. ఆమె దృష్టిలో తనకు భర్తే లేడు, పోయాడని చెప్పి ఏడిపించొద్దు. బొమ్మలాయన ఏడని ఆమె అడగదు. అడగలేదని నా తరఫున ఎవరూ బాధపడొద్దు. పొరపాటున ఒక్కసారి అడిగిందనుకో, నోరిస్, ఆ సముద్రపు గాలికి కాస్త ఓర్చుకుని నా సమాధి దాకా రా. వచ్చి, ఆ మాట నాకు పైకి చెప్పు.

ఇందులో తమకేమీ రాని ఇద్దరి ఎదుట, 2009 అక్టోబరు 8న, గురువారం, ఆశ్రమానికి బయల్దేరే ముందు సంతకం చేశాను.

(సంతకం) క్లిఫర్డ్ బారక్లఫ్

సాక్షులు:
ఆర్నల్డ్ స్పింక్, పక్కింటివారు
బెరిల్ మెట్‌కాఫ్, పోస్టాఫీసు