టాపు లేని కారు

4 ఫిబ్రవరి 1996, ఆదివారం
కొత్త సెడాన్ వచ్చింది. తెలుపు. ఏసీ, పవర్ విండోస్. మా వీధిలో మొదటిది నాదే.
సాయంత్రం తమ్ముడు చినబాబు తన టాపు లేని కారు తెచ్చి సరిగ్గా దాని పక్కనే ఆపాడు. 1958 మోడల్. ఏదో ఎస్టేటు వేలంలో కొన్నాడు. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ టెక్నీషియన్‌కి కన్వర్టిబుల్! పైన ఉండాల్సిన గుడ్డ ఎప్పుడో చీకిపోయింది. నా కారు చుట్టూ తిరిగి, "బాగున్నాదన్నయ్యా, బీరువాలాగున్నాది" అన్నాడు. అసూయ. ఇంకేముంటుంది.

9 ఫిబ్రవరి
అమ్మ బాత్రూంలో జారిపడింది. మోకాలి దగ్గర ఎముక విరిగింది. తొడ నుంచి పాదం దాకా కట్టు.

10 ఫిబ్రవరి
ఆసుపత్రి వరండాలో కూడా వాడికి కారు గొడవే. దాని ఇంజన్ మొత్తం తన చేత్తో విప్పి బిగిస్తాడట. నా దాని బానెట్ ఎత్తితే నాకే ఏది ఏమిటో తెలీదట. విప్పే అవసరం లేనిదాన్నే కారంటారు. వాడికెవరు చెప్తారు?

13 ఫిబ్రవరి, సాయంత్రం 6
డిశ్చార్జి. అంబులెన్స్ ఇస్తామన్నారు. నేనే వద్దన్నాను. కొత్త కారుండగా అమ్మ వ్యాన్‌లో రావాలా?
వెనక తలుపు తీశాం. కాలు వంగదు. ముందు సీటు జరిపాం. చాలలేదు. ఇంకొక్క అంగుళం అంటూ నేను నెట్టాను. అమ్మ కేక పెట్టింది. పోర్టికోలో అందరూ తిరిగి చూశారు. నా సెక్షన్‌లో పనిచేసే ఉదయ్‌కుమార్ కూడా. "మనిషనుకున్నారా, సామాననుకున్నారా?" అంది నా భార్య వనజాక్షి, వాడి ముందే.
చినబాబు వెళ్లి తన డబ్బా తెచ్చాడు. నలుగురు దుప్పటితో ఎత్తి, పైనుంచి వెనక సీట్లో పడుకోబెట్టారు. రెండు నిమిషాల పని. అమ్మ కళ్లు తుడుచుకుని ఆకాశం చూసి నవ్వింది.
వాడి కారు వెనకాల నేను ఏసీ వేసుకుని. మా ఇంటికి తిరిగే సెక్టర్ 10 మలుపు దగ్గర ఇండికేటర్ వేశాను. వాడు తిప్పలేదు. నేరుగా మరోదా, వాడి క్వార్టర్‌కి. అమ్మే అలా చెప్పిందట.

14 ఫిబ్రవరి
అసలు ఆ డొక్కుకి మైలేజీ ఎనిమిది కూడా రాదు.

18 ఫిబ్రవరి, ఆదివారం
మరోదా వెళ్లాను. అమ్మ ఆ కారులోనే కాలు చాపుకుని బఠానీలు ఒలుస్తోంది. "నిల్చున్నావేటి, ఎక్కు" అంది. తలుపు రాలేదు. వెల్డింగ్ చేసేశాడట, వెధవ. ఎవరూ చూడటం లేదు కదా అని పైనుంచి ఎక్కాను. ప్యాంటు చిరిగింది.
కాలు నొప్పి తగ్గిందా అని అడగలేకపోయాను.
బఠానీలు ఒలిచాను.