నొప్పులు కాదు, గుంజుడు

హుస్సేనీ ఆలం,
జూలై 2006

భరద్వాజ్ డాక్టర్ సాబ్‌కు,

నా తలకు వైర్లు పెట్టి, మెదడు సిగ్నల్ చూసి నొప్పి వచ్చేది ముందే కనిపెట్టే పరీక్ష చేస్తున్నరు కదా. మిషన్ నొప్పి ఉన్నదంటది, మీరు అడిగితే నేను లేదంటున్న. అందుకని ఈ పార్కిన్సన్ పేషెంట్ మాట నమ్మేటట్టు లేదు, ఇంక తీసుకరావద్దని మా కోడలు పూజితకు ఫోన్ చేసిన్రట.

నేను అబద్ధం చెప్పలే. "అమ్మా, నొప్పులు వస్తున్నాయా?" అని అడిగిన్రు మీరు. మాకు నొప్పులంటే కాన్పు నొప్పులే. అరవై దాటినదాన్ని, పక్కన మా ఆయన కూసున్నడు, నవ్వు ఆపుకొని లేవన్న. కాళ్లు గుంజుతున్నయని మాత్రం ప్రతిసారి చెప్పిన. మీరు కోస్తా నుంచి వచ్చినోళ్లు, గుంజుడంటే బిగుసుకపోవుడనుకొని గట్లనే రాసుకున్నరు. మా దిక్కు గుంజుడంటే నొప్పే, నన్ను ఏడిపించేది అదే.

మీ మిషన్‌కు తెలుగు రాదు, అయినా నా బాధ దానికి అర్థమైంది. మీకు తెలుగొచ్చు, అర్థం కాలే.

సోమవారం నేనొస్త. వైర్లు పెట్టుండ్రి, కానీ అడిగేది నా మాటల్ల అడుగుండ్రి. ఈ జబ్బుతోటి పోను పోను అక్షరాలు చిన్నగైనయి, అద్దాలు పెట్టుకొని చదువుండ్రి. ఎవరితోటి రాయించలే. రాస్తుంటే చెయ్యి గుంజుతున్నది. మిషన్ లేకుండనే చెప్తున్న, రాసుకోండ్రి.

మీ పేషెంట్