వెలుగు పేజీలో పాత తేదీ

పొందూరు,
జూన్ 3.

ప్రియమైన తమ్ముడు మోహనకృష్ణకు,

అక్క ఆశీస్సులు. ఫోను చేస్తే "సరే అక్కా, చూస్తానక్కా" అని పెట్టేస్తావు కాబట్టి మెయిలు రాస్తున్నాను. కూర్చుని పూర్తిగా చదువు.

నాగావళి విశ్వవిద్యాలయం వెబ్‌సైటు మా తమ్ముడే చేశాడని మన వీధిలో అందరికీ చెప్పుకున్నాను. నిన్న పీహెచ్‌డీ దరఖాస్తు పెడదామని తెరిచాను. నా ఫోను ఏం చదివి వినిపించిందో విను: "బొమ్మ. బొమ్మ. బొమ్మ. ఇక్కడ నొక్కండి. ఇక్కడ నొక్కండి. బొమ్మ." నోటిఫికేషన్ కాగితాన్ని ఫొటో తీసి పెట్టారట. చూపున్నవాళ్లు చదువుకుంటారు. నా ఫోనుకు మాత్రం అందులో ఒక్క అక్షరం కూడా లేదు. ఫారంలో "ఎర్ర రంగు గడులు తప్పనిసరి" అట. ఏది ఎరుపో పుట్టుగుడ్డిదాన్ని నాకెలా తెలుస్తుందిరా? ఎలాగో సగం నింపేసరికి, పది నిమిషాలు దాటాయని మొత్తం చెరిపేసి మొదటికి తీసుకొచ్చింది. నాలుగుసార్లు నింపాను. నాలుగోసారి ఫోను మంచం మీదకు విసిరేశాను.

పదో తారీఖు ఆఖరు. వచ్చే మార్చిలో తాయారు మేడం రిటైరవుతారు. నూలు వడికే ఆడవాళ్ల పాటల మీద పరిశోధన అంటే "రా, నేను చేయిస్తాను" అన్న మనిషి ఆవిడ ఒక్కరే. ఈ ఏడు సీటు రాకపోతే ఇక ఆ పని జరగదు. తలుచుకుంటే ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

పాస్‌వర్డ్ పంపు, నేనే నింపేస్తాను అని మాత్రం రాయకు. నా దరఖాస్తు నేనే పెట్టుకుంటాను. నువ్వు నీ వెబ్‌సైటు బాగుచెయ్యి.

నీ అక్క,
చరిత

*

విజయనగరం,
జూన్ 6.

ప్రియమైన చరితక్కకు,

నమస్కారాలు. నీ మెయిలు చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. మొత్తం వెబ్‌సైటు మార్చాలంటే కమిటీ ఒప్పుకోవాలి. అది ఆరు నెలల మాట. అందుకని ఇంకో దారి పట్టాను. నీలాంటివాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక పేజీ చేశాను. పేరు "వెలుగు పేజీ". బొమ్మల్లేవు, రంగుల గొడవ లేదు, తరిమే గడియారం లేదు. ఒక్కో ప్రశ్న వినిపిస్తుంది, జవాబు రాస్తే తర్వాతిదానికి వెళ్తుంది. నోటీసులన్నీ అక్షరాల్లో ఉంటాయి. ప్రతి నోటీసునూ నేనే స్వయంగా టైపు చేసి పెడతాను.

రిజిస్ట్రారు నరసింగరావు గారి ఆనందం ఇంతా అంతా కాదు. కంప్యూటర్ తెరకు అడ్డంగా రిబ్బను కట్టించి కత్తిరించారు! పేపర్లో ఫొటో కూడా వేయిస్తున్నారు. అటెండరు ఎల్లాజీ కొబ్బరికాయ కొడతానంటే కీబోర్డు తడుస్తుందని ఆపాను. జూలై ఒకటిన నా కాంట్రాక్టు మళ్లీ రాయాలి కదా, ఈ పేజీ వల్ల అది ఖాయమంటున్నారు.

తెరిచి చూసి ఎలా ఉందో రాయి. తిట్టినా సరే.

నీ తమ్ముడు,
మోహనకృష్ణ

*

పొందూరు,
జూన్ 8.

ఒరే బంగారుకొండా,

ఇరవై నిమిషాలు! ఒక్కదాన్నే, గదిలో తలుపేసుకుని నింపేశాను. ముప్ఫై నాలుగేళ్లలో ఒక ఫారం ఎవరి చేతా రాయించకుండా పూర్తి చేయడం నాకిదే మొదటిసారి. చివర "మీ దరఖాస్తు అందింది" అని ఫోను చెప్పగానే అమ్మను పిలిచి మళ్లీ వినిపించాను. "ఏటే, పెళ్లి కుదిరినట్టు ఆ గంతులు!" అంది.

ఇంటర్వ్యూ జూన్ 24, ఉదయం పది గంటలకు అని వెలుగు పేజీలో ఉంది. గుర్తుపెట్టుకున్నాను.

ఒక్క మాట మాత్రం మనసులో పీకుతోంది. నాకు వేరే పేజీ ఎందుకురా? పెళ్లిలో అందరికీ పందిట్లో వడ్డించి, నాకొక్కదానికి వంటింట్లో విస్తరి వేసినట్టుంది. భోజనం బాగుంది, కాదనను. కానీ పందిట్లోకి కొత్తగా వచ్చిన వంటకం నా దగ్గరకు తెచ్చేదెవరు? నీకు జ్వరం వస్తే ఆ నోటీసులు ఎవరు టైపు చేస్తారు?

సంతోషంలో ఉన్నాను, ఇంతకంటే సతాయించను.

ముద్దులతో,
అక్క

*

పొందూరు,
జూన్ 24.

మోహనకృష్ణకు,

ఇంటర్వ్యూ ఇరవయ్యో తారీఖునే అయిపోయింది.

ఉతికి గంజిపెట్టిన ఖద్దరు చీర కట్టుకుని, తెల్లవారుజాము రైలెక్కి, ముప్పావు గంట ముందే మీ ఆఫీసుకు వచ్చాను. ఎల్లాజీ నన్ను చూసి, "అమ్మా, ఏటిలాగ వచ్చీసినారు? అది నాలుగు రోజుల కిందటే అయిపోనాది కదా! తేదీ మారినట్టు కంప్యూటర్లో ఎట్టినారు" అన్నాడు. వెలుగు పేజీ తెరిచి అతనికే వినిపించాను. జూన్ 24 అనే చెప్పింది. అతను లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

వరండా బల్ల మీద నా పక్కన ఇంకో అమ్మాయి ఏడుస్తోంది. పేరు రాణి. నౌపడ నుంచి వచ్చిందట. ఆమె కూడా వెలుగు పేజీ చూసే వచ్చింది. ఆమెకు చూపు శుభ్రంగా ఉందట.

నువ్వు ఆఫీసులో లేవన్నారు. నిజంగా లేవో, ఉండి రాలేదో నాకు తెలియదు.

చరిత

*

విజయనగరం,
జూన్ 26.

ప్రియమైన అక్కా,

తప్పు నాదే. పదహారో తారీఖున ఇంటర్వ్యూను ఇరవై నాలుగు నుంచి ఇరవైకి మార్చారు. నాతో పనిచేసే త్రినాథ్ అసలు వెబ్‌సైటులో రెండు నిమిషాల్లో మార్చేశాడు. వెలుగు పేజీలో మార్చాల్సింది నేను. తనిఖీ కమిటీ వస్తోందని మొదటి పేజీలో కదిలే ఫొటోలు నలభై పెట్టమన్నారు. ఆ హడావిడిలో మరిచిపోయాను. ఇరవై నాలుగున నేను లోపలే ఉన్నాను. నీ గొంతు విన్నాను. అయినా బయటకు రాలేదు.

నరసింగరావు గారిని కాళ్లావేళ్లా పడి బతిమాలాను. శనివారం సాయంత్రం నిన్నొక్కదాన్నీ పిలిచి ఇంటర్వ్యూ చేయిస్తామన్నారు. ఒంట్లో బాగోలేక ఆ రోజు రాలేకపోయానని నువ్వొక కాగితం రాసివ్వాలి. వెలుగు పేజీ మాట ఎత్తకూడదు. పేపర్లో వేయించుకున్నాం కదా, పరువు పోతుందంటున్నారు. ఒకటో తారీఖున నా కాంట్రాక్టు సంగతి నీకు తెలుసు. నౌపడ అమ్మాయికి చూపుంది కదక్కా, అసలు వెబ్‌సైటు చూసుకోవాల్సింది.

నీ సీటు నీకు దక్కుతుంది. దయచేసి రా.

నీ తమ్ముడు

*

పొందూరు,
జూన్ 27.

తమ్ముడూ,

చిన్నప్పుడు నాకు కథలు చదివి వినిపించేవాడివి, గుర్తుందా? ఆటకు వేళైతే మధ్యలో నాలుగు పేజీలు దాటేసేవాడివి. నాకు తెలియదనుకున్నావు. అడవిలో తప్పిపోయిన పిల్ల మరుక్షణం పెళ్లిపీటల మీద ఉంటే నాకు తెలియదా? అడిగితే ఆ మాత్రం చదవడం కూడా మానేస్తావని భయపడి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

రాణి సంగతి ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "ఉప్పుమళ్లకాడ మా ఇల్లు అక్కా. సిగ్నలు అంతంత మాత్రమే. పెద్ద పేజీ గిర్రున తిరగతానే ఉంటాది. ఈ వెలుగు పేజీ ఒక్కటే టక్కున తెరుసుకుంటాది. మావోళ్లందరం ఇదే సూస్తాం." నీ నలభై ఫొటోలు ఆమె ఫోనులోకి ఏ జన్మకు దిగుతాయిరా? ఆ పేజీలో ఎంతమంది దరఖాస్తు పెట్టారో నీ కంప్యూటర్లో ఉంటుంది కదా, తీసి చూడు.

శనివారం నేను రాను. నాకు జబ్బేమీ చేయలేదు. సీటు పోతుందని భయం లేదనుకోకు, తాయారు మేడం గుర్తొస్తే ఏడుపొస్తోంది. నీ ఉద్యోగం పోయినా నాకు బాధే. అయినా రాను. ఏం చేస్తావో నువ్వే తేల్చుకో.

చరిత

*

పొందూరు,
జూలై 5.

ప్రియమైన మోహనకృష్ణకు,

ఎనిమిది రోజులు నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రోజుకు పదిసార్లు మెయిలు చూశాను. "ఆడు సిన్నప్పటినుండీ అంతేనే, తిడతారంటే మంచం కింద దూరీసేవాడు" అని అమ్మ అంటే, నేనూ ఔనన్నాను.

ఇవాళ పొద్దున్న ఊరుకోలేక వెలుగు పేజీ తెరిచాను. అది నన్ను నేరుగా అసలు వెబ్‌సైటుకు తీసుకెళ్లింది. మళ్లీ బొమ్మ, బొమ్మ అంటుందని పళ్లు బిగపట్టుకున్నాను. అనలేదు. మొట్టమొదట ఈ నోటీసు చదివింది. విన్నది విన్నట్టు రాస్తున్నాను:

"ఇంటర్వ్యూ జూన్ 20కి మారిన సంగతి వెలుగు పేజీలో పెట్టలేదు. అది నా తప్పు. ఆ పేజీలో దరఖాస్తు చేసిన నలభై ఒక్క మందిలో చూపులేనివారు ఇద్దరే. మిగిలినవారు తమ ఫోన్లలో అసలు వెబ్‌సైటు తెరుచుకోక అక్కడికి వచ్చినవారు. మొత్తం నలభై ఒక్క మందిలో పదిహేడు మంది ఇంటర్వ్యూ కోల్పోయారు. పదిహేడు మందికీ జూలై 14న మళ్లీ ఇంటర్వ్యూ జరుగుతుంది. ఇకనుంచి అందరికీ ఒకటే పేజీ. ఇట్లు, మోహనకృష్ణ, వెబ్‌సైటు విభాగం."

ఫోను నీ పేరును మూడు ముక్కలు చేసి చదివింది. అయినా మూడుసార్లు పెట్టుకుని విన్నాను. ఈసారి నువ్వు ఒక్క వాక్యం కూడా దాటేయలేదురా.

వెంటనే ఎల్లాజీకి ఫోను చేశాను. "ఆ లెక్క కాయితం అట్టుకుని మీ తమ్ముడు వీసీ గారి గది ముందల రెండ్రోజులు కూకుండిపోనాడమ్మా. ఆకరికి కమిటీతో పన్నేకండా వీసీ గారే సరేననీసినారు. రిజిస్ట్రారు గారు రుసరుసలాడినారు. ఒకటో తారీకు సంతకం అవనేదు, నెల్లాళ్లు సూసి సెప్తామన్నారు" అన్నాడు. ఆ సంగతి నువ్వు నాకు రాయలేదు. నేను బాధపడతానని దాచావు కదూ? బాధగానే ఉంది. అమ్మ కూడా పొద్దుటి నుంచి వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. కానీ నా తమ్ముడివని ఇవాళ వీధిలో మళ్లీ చెప్పుకున్నాను.

రాణి కూడా నోటీసు చూసిందట. ఇద్దరం కలిసి వస్తాం. నువ్వు స్టేషనుకు రావద్దు.

అన్నట్టు, ఏ గేటు నుంచి రావాలో, ఇంటర్వ్యూ ఏ గదిలోనో నోటీసులో లేదు. నాకు మెయిలులో చెప్పకు. పేజీలో పెట్టు.

నీ అక్క,
చరిత