చింతపండుతో తోమిన జరీ

మామయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మీద కోపంగా ఉంది, అందుకే రాస్తున్నాను.

ఈరోజు నీలా ఒక ఈకల గాలం కట్టాలనుకున్నాను. శుక్రవారాలు అజ్మాన్ ఖోర్‌లో, ఆ సముద్రపు పాయలో, వేసేవాడివే, అలాంటిది. ఈకల మీద వెండిపూత జరీరేకు చుట్టేవాడివి, పెద్ద చేపకి అది చిన్న చేపలా కనిపించేది. ఆ రేకు కోసం షార్జాలో నాలుగు కుట్టుసామాన్ల దుకాణాలు తిరిగాను.

"అసలు జరీ ఖలాస్ బేటా. ప్లాస్టిక్‌ది తీసుకో, నల్లబడదు" అన్నాడొకాయన.

నల్లబడనిది జరీ ఎలా అవుతుంది? ఆ నలుపుకి కిలుము అన్న మాటే నేను నీ దగ్గర నేర్చుకున్నాను!

ఇక మిగిలింది నీ గాలాల పెట్టెలోని ఆఖరి జరీ చుట్ట. తెరిచి చూస్తే రేకు ఎర్రగా ఉంది. అమ్మ నిన్ననే చుట్ట పైవరసలు విప్పి, ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి పీచుతో రుద్దేసింది. వెండి పోయి రాగి తేలింది.

"నల్లగా ఉంటే నా తమ్ముడికి గిట్టదు కదే" అంది.

మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలని మీ అక్కకి ఒక్కసారి చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది?

చుట్ట అడుగున, ఆమె చెయ్యి పడనిచోట, ఒక్క గాలానికి సరిపడా వెండి మిగిలింది. ఇప్పుడు అమ్మ కొక్కెం పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"తోక నుంచి చుట్టాలా, తల నుంచా?" అంటోంది.

వచ్చే శుక్రవారం నేర్పిస్తానంటూనే పోయావు కదా మామయ్యా. నాకూ తెలియదని ఆమెకి ఎలా చెప్పను?

నీ మేనకోడలు